ఇన్నాసమ్మ పట్టించిన మోకు

ఊఁ కొడుతూ వినండి. మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఉన్న రోజులు. రైలు లేదు, రోడ్డు లేదు. ఈ మెట్టనేలలో మనుషుల కంటే రాళ్ళు ఎక్కువ, రాళ్ళ కంటే ముళ్ళు ఎక్కువ, ఆ రెండింటి కంటే ఎండ ఎక్కువ. ఆ ఎండలో ఒక మనిషి ఉండేది. పేరు ఇన్నాసమ్మ.

ఇది రాణి కథ కాదు. బావులు తవ్వే ఆడదాని కథ. అయినా మా వైపు ఈ కథ చెప్పేటప్పుడు ఎవరూ గోడకు చేరగిలబడి చెప్పరు. నడుము నిటారుగా పెట్టుకుని చెబుతారు. ఎందుకో మీకే తెలుస్తుంది.

కంచరమెట్ట అని ఒక పెద్ద ఊరు. ఊరికి పడమట ఒక వాగు. వాగు అవతల ఏడిళ్ళపేట. పేరుకు తగ్గట్టు ఏడే ఏడు ఇళ్ళు. ఆ ఏడిళ్ళవాళ్ళూ తండ్రుల కాలంలో జ్ఞానస్నానం పొంది క్రీస్తుప్రభువును నమ్ముకున్నవాళ్ళు. వాళ్ళకొక గుడి ఉండేది. మట్టిగోడలు, తాటాకు కప్పు, లోపల ఒక కొయ్యసిలువ. పూజ చెప్పే గురువుగారు ఎక్కడో దూరాన ఉండేవారు. పొట్టి గుర్రమెక్కి ఏడాదికి మూడుసార్లు వచ్చేవారు. మిగతా ఆదివారాలన్నీ పేటవాళ్ళే గుడిలో కూర్చుని జపాలు చెప్పుకునేవాళ్ళు.

ఇన్నాసమ్మ ఆ పేట కోడలు. మొగుడు రాయప్ప బావులు తవ్వేవాడు. అతను కింద తవ్వుతుంటే ఈమె పైన లావుపాటి మోకుతాడుతో తట్టలు లాగేది. తరవాత తరవాత ఈమె కూడా దిగడం నేర్చుకుంది. రాయి మాట వినడం రాయప్పే నేర్పాడు. ఉలి పెట్టి చిన్నగా కొట్టి, చెవి ఆనించి వినాలి. మోగే రాయి గట్టి రాయి. మూలిగే రాయి కింద గుల్ల. కొట్టినా పలకని మూగరాయి కింద నీళ్ళు.

ఒక ఏడు పరాయి ఊళ్ళో రాయప్ప బావిలో ఉండగా గోడ జారింది. గట్టు మీద ఊరంతా ఉంది. ఒక్కరు దిగలేదు. ఇన్నాసమ్మ దిగుతానంటే నలుగురు కలిసి రెక్కలు పట్టుకుని ఆపారు. మర్నాడు తీసేసరికి రాయప్ప ప్రాణాలతో లేడు.

ఇన్నాసమ్మ ఏడ్చింది. నెల రోజులు ఏడ్చింది. తరవాత లేచి మొగుడి గడ్డపార భుజాన వేసుకుంది. ముసలి మామ జోజప్ప వద్దన్నాడు, చుట్టాలు వద్దన్నారు, నలుగురూ నవ్వారు. ఆమె వినలేదు. ఆ నాటి నుంచి ఏ బావికి వెళ్ళినా ఒకటే తీరు. గట్టు మీద నిలబడేది. సిలువ గుర్తు వేసుకునేది. మోకు పట్టుకునేది. దిగేది.

ఆమెకు చదువు రాదు. గురువుగారు నేర్పిన జపాలు మూడు వచ్చు. పరలోక జపం ఒకటి, మంగళవార్త జపం ఒకటి, విశ్వాస సంగ్రహం ఒకటి. ఆ మూడో దానిలో ఒక మాట ఉంది. ప్రభువు సిలువపై మరణించి, పాతాళానికి దిగి, మూడోనాడు లేచాడని. బావిలోకి దిగేటప్పుడు ఇన్నాసమ్మ ఆ మాట దగ్గర కొంచెం ఆగేది. పాతాళానికి దిగినవాడికి బావి అడుగు ఎంత దూరం అనుకునేది. అనుకుని మిగతా జపం పూర్తి చేసేది.

ఇట్లా ఉండగా వాన ఎగ్గొట్టింది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, మూడేళ్ళు. మొదటి ఏడు పైర్లు పోయాయి. రెండో ఏడు పశువులు పోయాయి. మూడో ఏడు కంచరమెట్ట పెద్దబావి ఎండిపోయింది. ఊరికీ పేటకీ కలిపి వాగులో తోడుకున్న చెలమలే దిక్కు. ఇసుకలో గుంట చేసి, ఊరే దాకా కూర్చుని, ముంత ముంతగా తోడుకోవాలి. కుండ నిండేసరికి పూట గడిచేది.

కంచరమెట్టకు పెద్దకాపు గురవయ్య. మాట కరుకు, మనిషి పట్టుదల. బావిని ఇంకా లోతుకు తవ్వించాలని ఎక్కడెక్కడి వాళ్ళనో పిలిపించాడు. ఉత్తరం నుంచి ఒక జట్టు వచ్చింది. మూడు రోజులు తవ్వి, రాయి తగిలిందని వెళ్ళిపోయింది. దక్షిణం నుంచి ఒక జట్టు వచ్చింది. వాళ్ళకూ రాయి తగిలింది, వాళ్ళూ వెళ్ళిపోయారు. తూర్పు నుంచి ఒక జట్టు వచ్చింది. ఈ రాయి కింద నీళ్ళు లేవు, ఉన్నా తూర్పు గోడ నిలవదు, మా ప్రాణాలు మాకు కావాలని వాళ్ళు చెప్పేశారు. పడమట, వాగు అవతల, పిలిస్తే పలికేంత దూరంలో ఇన్నాసమ్మ ఉంది. ఆమెను మాత్రం ఎవరూ పిలవలేదు. ఆడది, పైగా పేట మనిషి.

చివరికి దాహమే పిలిపించింది. ఇన్నాసమ్మ వచ్చి పెద్దకాపు అరుగుకు దూరంగా నిలబడింది. పని ఒప్పుకుంటాను గానీ రెండు మాటలు అంది. ఆదివారం బావిలోకి దిగనంది. నీళ్ళు పడ్డాక పేటవాళ్ళు కూడా అదే బావిలో తోడుకోవాలంది. ఆ రోజుల్లో పేటవాళ్ళు ఆ గట్టు ఎక్కడానికి లేదు. దూరంగా కుండలు పెట్టుకుని, ఎవరికైనా జాలి కలిగి పోస్తే పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ మాట విని అరుగు మీద పెద్దలు గొణిగారు. గురవయ్య కాసేపు ఆలోచించి, నలుగురి ముందూ సరేనన్నాడు.

ఇన్నాసమ్మ గట్టు మీద నిలబడింది. సిలువ గుర్తు వేసుకుంది. మోకు పట్టుకుంది. దిగింది.

ముందుగా తూర్పు గోడ చూసింది. అది మూలిగే గోడ. వేపదుంగలు తెప్పించి, అడ్డంగా నిలువుగా ఆనించి, గోడను నిలబెట్టింది. ఆ తరవాతే రాయి మీద చెయ్యి వేసింది. రోజుకు జానెడు, ఒక్కోరోజు బెత్తెడు. పొద్దున దిగితే పొద్దు వాలాక పైకి. మొదటి ఆదివారం వచ్చింది, ఆమె రాలేదు. ఊళ్ళో సణుక్కున్నారు. సోమవారం తెల్లవారకముందే గట్టు మీద ఉంది. సణుగుడు ఆగింది.

రెండో వారం శనివారం సాయంత్రం ఇన్నాసమ్మ పైకి వచ్చి, రాయి మూగదైంది అని చెప్పింది. ఇంకొక్క రోజు పని. సోమవారం పొద్దు వాలేసరికి నీళ్ళు చూస్తారంది. ఊరు ఊరంతా లేచి నిలబడింది. రేపే దిగమన్నాడు గురవయ్య. రేపు ఆదివారమని, సోమవారం వేగుచుక్క ఉండగానే వస్తానని ఆమె చెప్పింది.

చెప్పి ఊరుకోలేదు. వాగు దగ్గర కూర్చుని చెలమలు తోడింది. పేటలో ఏడిళ్ళూ తిరిగి ఎవరి కుండలో ఎన్ని నీళ్ళున్నాయో చూసింది. ఊళ్ళో బాలింతల ఇళ్ళ ముందు దూరంగా నిలబడి, రేపటికి నీళ్ళున్నాయా అని అడిగింది. ఒక ఇంట్లో లేవంటే తన కుండ తెచ్చి వాళ్ళ కుండలో వంచింది. అందరికీ రేపు ఒక్కరోజుకు ఉన్నాయని చూసుకున్నాకే ఇంటికి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్నే పేటవాళ్ళు గుడిలో చేరారు. జోజప్ప తాత జపం ఎత్తుకున్నాడు. అప్పుడు పెద్దకాపు జీతగాడు వచ్చి బయట నిలబడి, ఇన్నాసమ్మను రమ్మంటున్నారని కేకేశాడు. రేపొస్తానని చెప్పమంది. అతను వెళ్ళిపోయాడు.

కాసేపటికి గురవయ్య తమ్ముడు చలమయ్య వచ్చాడు. వయసు వేడి, నోటి దురుసు. మీ దేవుడు వాన ఎట్లాగూ ఇవ్వలేదు, నువ్వేమో నీళ్ళు చేతిలో పెట్టుకుని కూడా ఇవ్వవు, ఇద్దరూ ఒకటే అన్నాడు. లోపలున్న మగవాళ్ళకు కోపం వచ్చింది. ఇన్నాసమ్మ వాళ్ళను కూర్చోమంది. చలమయ్యకు కూడా అదే మాట చెప్పింది, రేపొస్తానని.

మూడోసారి గురవయ్య తనే వచ్చాడు. పేటలోకి అడుగు పెట్టకుండా వాగుకు ఊరివైపు ఒడ్డునే నిలబడి పిలిపించాడు. ఇప్పుడు దిగితే సరే, లేదంటే పేటకు బావి అన్న మాట తీసేసుకుంటాను అన్నాడు. ఒక్క చుక్క కూడా ఇవ్వనన్నాడు.

పేటవాళ్ళంతా ఇన్నాసమ్మ మొహం చూశారు. ఒకావిడ చంకలో పిల్లను చూపించి, ఈ ఒక్కపూటకు ప్రభువు ఏమీ అనుకోడులే అంది. వీళ్ళ కోసమే కదా ఇన్నాసమ్మ ఆ మాట అడిగింది. ఇప్పుడు తన వల్లే అది పోతోంది. మామ వైపు చూసింది. జోజప్ప తాత నీకు తెలుసులే అన్నట్టు చూశాడు.

ఆమె వాగు ఒడ్డుకు వెళ్ళి చేతులు జోడించింది.

"అయ్యా, ఇవాళ్టికి ఇంటింటా నీళ్ళున్నాయి. నేను చూసుకున్నాను. ఎవరి ప్రాణమైనా మీదికొస్తే ఒక్క కేక వెయ్యండి, పరిగెత్తుకొస్తాను. ఆరు రోజులు నావి, అవి మీకు ఇచ్చేశాను. ఈ రోజు నాది కాదు. నాది కానిది నేనెట్లా ఇచ్చేది?"

గురవయ్య ఇచ్చిన మాట ఇక లేదని చేత్తో సైగ చేసి వెళ్ళిపోయాడు. పేటవాళ్ళు మళ్ళీ గుడిలోకి వెళ్ళారు. కొందరు ఏడుస్తూనే జపం చెప్పారు.

ఇక చలమయ్య ఏం చేశాడో వినండి. ఒక ఆడది చేసే పని మనం చెయ్యలేమా అన్నాడు. నలుగురు కుర్రకారును వెంటేసుకుని బావిలోకి దిగాడు. లోపల దుంగలు కాళ్ళకు అడ్డం వస్తున్నాయి. గడ్డపార ఆడించడానికి చోటు చాలడం లేదు. ఒక దుంగ తీసేశాడు. ఏమీ కాలేదు. రెండో దుంగ తీసేశాడు. ఏమీ కాలేదు. మూడో దుంగ తీశాడు.

తూర్పు గోడ దిగిపోయింది.

నలుగురు ఎట్లాగో మోకు పట్టుకుని పైకి వచ్చిపడ్డారు. చలమయ్య రాలేదు. దుమ్ము అణిగాక చూస్తే ఒక పెద్ద బండ గోడకు వాలి ఉంది. దాని కింద రొమ్ము దాకా రాళ్ళలో చలమయ్య. తల, ఒక చెయ్యి మాత్రం బయట. బతికే ఉన్నాడు. అన్నా, అన్నా అని పిలుస్తున్నాడు. పైన ఎవరు అటు ఇటు నడిచినా గులకరాళ్ళు జలజలా రాలుతున్నాయి. దిగినవాడు తిరిగి రాడని అందరికీ తెలుసు. గురవయ్య మోకు పట్టుకుని తనే దిగబోయాడు. పెళ్ళాం, కొడుకులు కాళ్ళకు చుట్టుకున్నారు.

ఇన్నాసమ్మకు కబురు పంపుదామని ఒకరన్నారు. ఏ మొహం పెట్టుకుని అని ఇంకొకరన్నారు. ఎవరూ కదల్లేదు.

కానీ ఊళ్ళో ఏడుపు వాగు దాటింది. గుడిలో అప్పటికి విశ్వాస సంగ్రహం చెబుతున్నారు. ఇన్నాసమ్మ చెవి ఒగ్గింది. ఆ ఏడుపు ఆమె ఎరిగిన ఏడుపే. లేచి, ఇంట్లో నుంచి మోకు, ఉలి, తట్ట తీసుకుంది. జోజప్ప తాత ఎదురొచ్చి, వాళ్ళు పిలవలేదమ్మా అన్నాడు.

"ప్రాణం మీదికొస్తే వస్తానన్నాను మామా" అంది.

ఆమె ముందు నడిచింది. వెనకాలే పేట మొత్తం కదిలింది. వాళ్ళు గట్టుకు దూరంగా, ఎప్పుడూ ఆగే చోటే ఆగిపోయారు. ఇన్నాసమ్మ ఆగలేదు. గురవయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఇవాళ ఆదివారం కదమ్మా అన్నాడు. అమ్మా అనడం అదే మొదలు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"గొర్రె గుంటలో పడితే ఇవాళ ఏ రోజని చూడొద్దని మా ప్రభువే చెప్పాడయ్యా. మీ తమ్ముడు గొర్రె కంటే ఎక్కువ కదా" అంది.

ఎవరూ అంచున నిలబడొద్దంది. ఎవరూ అరవొద్దంది. మోకు మూడుసార్లు లాగితేనే పైకి లాగమంది. ఇన్నాసమ్మ గట్టు మీద నిలబడింది. సిలువ గుర్తు వేసుకుంది. మోకు పట్టుకుంది. ఈసారి రాయప్ప గుర్తొచ్చాడు. జపం మొదలుపెట్టింది. పాతాళానికి దిగి అన్న మాట దగ్గర ఆగింది. ఆగి, దిగింది.

అడుగున కాలు మోపగానే తట్ట తీసి చలమయ్య తల మీద బోర్లించింది, గులక కళ్ళలో పడకుండా. పడిపోయిన దుంగలు మళ్ళీ ఆనించింది. తరవాత ఒక్కో రాయి తియ్యడం మొదలుపెట్టింది. ఏ రాయి తీస్తే ఏ రాయి కదులుతుందో చెవి పెట్టి వినేది. విని తీసేది. తీసి, పైనుంచి దింపిన గోనెలో వేసి పైకి పంపేది. తట్ట కింద ఉన్న చలమయ్యకు ఏమీ కనబడదు. ఉన్నావా అని అడిగేవాడు. ఉన్నానయ్యా అనేది. కాసేపటికి మళ్ళీ ఉన్నావా అనేవాడు. ఊరికే మాట్లాడుతూ ఉండు, నువ్వున్నావని నాకు తెలియాలి అన్నాడు చివరికి. ఇన్నాసమ్మకు కబుర్లు ఏం వచ్చు. వచ్చింది మూడు జపాలు. అవే చెప్పింది. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఎన్నోసారికో తట్ట కింద నుంచి చలమయ్య గొంతు కూడా కలిసింది.

గోడ ఒకసారి జారింది. ఆమె మోకాళ్ళ దాకా పూడిపోయింది. కాళ్ళు లాక్కుని మళ్ళీ తవ్వింది. గోడ రెండోసారి జారింది. నడుము దాకా పూడిపోయింది. చేతులతో తోడుకుని బయటపడి మళ్ళీ తవ్వింది. మూడోసారి జారినప్పుడు ఒక రాయి వచ్చి ఎడమ కాలి మీద పడింది. లోపల ఏదో విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. ఆ చప్పుడు చలమయ్యకూ వినిపించింది.

నువ్వు వెళ్ళిపోమ్మా అన్నాడు. పొద్దున నిన్ను అన్న మాటలకు ఇది నాకు కావలసిందే, నువ్వు పైకి వెళ్ళిపో అన్నాడు.

ఇన్నాసమ్మ కాసేపు ఊపిరి కూడగట్టుకుంది.

"నా మొగుడు ఇట్లాగే పోయాడయ్యా. ఆనాడు పైన ఊరంతా ఉంది, ఒక్కరు దిగలేదు. నేను దిగుతానంటే పట్టుకుని ఆపారు. ఇవాళ నన్ను ఎవరూ ఆపలేదు. మన కోసం మా ప్రభువు పాతాళానికే దిగాడు. నేను నిన్ను ఈ బావిలో వదిలి ఎట్లా పోతాను? జపం చెప్పు."

చలమయ్య చెప్పాడు. వాడి గొంతు బావి గట్టు దాకా వచ్చింది. పైన గురవయ్య విన్నాడు.

రాళ్ళన్నీ వచ్చేశాయి. మిగిలింది వాలిన బండ ఒక్కటే. అది లేస్తే గానీ చలమయ్య కాళ్ళు రావు. ఇన్నాసమ్మ పైనుంచి ఇంకో మోకు వేయించుకుని బండకు బిగించి, లాగమంది. పైన పదిమంది లాగారు, కదల్లేదు. ఇరవైమంది లాగారు, కదల్లేదు. ఊళ్ళో మగవాళ్ళందరూ పట్టారు. బండ కొంచెం కదిలి మళ్ళీ కూర్చుంది. మూడేళ్ళ కరువు తిన్న చేతులు అవి.

అప్పుడు బావిలోంచి ఆమె కేక వినిపించింది. "అందరూ పట్టారా?"

గురవయ్య తల తిప్పి చూశాడు. దూరంగా, ఎప్పుడూ ఆగే చోట, ఏడిళ్ళపేట నిలబడి ఉంది. ముసలి జోజప్ప, మగవాళ్ళు, ఆడవాళ్ళు, చంకలో పిల్లతో ఆవిడ. పొద్దున తను చుక్క నీళ్ళు ఇవ్వనన్నది వీళ్ళకే.

"రండి" అన్నాడు గురవయ్య.

వాళ్ళు కదల్లేదు. ఆ గట్టు వాళ్ళు పుట్టి ఎక్కింది లేదు. గురవయ్య తనే దిగి వెళ్ళి, జోజప్ప తాత చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. అంతే, పేట మొత్తం గట్టెక్కింది. మోకు మీద ఒక ఊరి చెయ్యి, ఒక పేట చెయ్యి, ఒక ఊరి చెయ్యి, ఒక పేట చెయ్యి. ఎవరి వెనక ఎవరున్నారో చూసుకునే తీరిక లేదు. పెద్దకాపు ముందు ఒక పేట ఆడమనిషి, పెద్దకాపు వెనక జోజప్ప తాత. ఒక్క ఊపున లాగారు. బండ లేచింది.

ఇన్నాసమ్మ చలమయ్యను లాగి, తన నడుముకున్న మోకు విప్పి వాడికి కట్టి, మూడుసార్లు లాగింది. వాడు పైకి వెళ్ళాడు. మోకు మళ్ళీ కిందికి వచ్చేలోగా ఆమె పాదాలకు చల్లగా తగిలింది. బండ లేచిన చోట తడి. తడి చూస్తుండగానే ఊట అయింది. ఊట చూస్తుండగానే మణికట్టంత ధార అయింది. పొద్దు వాలుతుండగా ఆమెను పైకి లాగేసరికి రొమ్ము దాకా తడిసి ఉంది. కాలు వేలాడుతోంది. గట్టు మీద కూర్చోబెడితే ఆమె అడిగిన మొదటి మాట, అబ్బాయికి ఊపిరి ఆడుతోందా అని.

ఊపిరి ఆడుతోంది. ఊరికీ ఆడుతోంది.

మర్నాడు పెద్దకాపు గురవయ్య వాగు దాటి ఏడిళ్ళపేటలోకి వచ్చాడు. ఆయన తాతలు, తండ్రులు ఎవరూ దాటని వాగు. ఇన్నాసమ్మ కాలికి కట్టు కట్టించుకుని మంచం మీద ఉంది. ఏం కావాలన్నా అడగమన్నాడు. ముందు ఇచ్చిన మాట చాలు అంది. తన కోసం ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి కంచరమెట్ట బావి గట్టు మీద ఎవరి కుండ వాళ్ళే తోడుకున్నారు. గొడవలు రాలేదని కాదు. వచ్చాయి. కొందరు ఆ బావి నీళ్ళు మానేసి మూడు నెలలు చెలమలకే పోయారు. వాన పడి వాగు పారి, చెలమలు మునిగాక వాళ్ళూ వచ్చారు.

ఇన్నాసమ్మ కాలు అతికింది గానీ వంగలేదు. మళ్ళీ బావిలోకి దిగింది లేదు. కానీ చుట్టుపక్కల ఏ బావి తవ్వినా ఆమెను మంచం మీద మోసుకెళ్ళేవాళ్ళు. గట్టు మీద కాలు చాచుకుని కూర్చుని, రాయి చప్పుడు వినేది. ఇక్కడ ఆనించండి, ఇక్కడ తవ్వొద్దు అని చెప్పేది. ఆమె కూర్చున్న బావిలో ఒక్క ప్రాణం పోలేదు. అది మాకెంత గొప్పో చెప్పలేను.

ఇక చలమయ్య సంగతి. నడవగలిగిన మొదటి ఆదివారం వాగు దాటి వచ్చి, గుడి బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. రెండో ఆదివారం గడప దగ్గర నిలబడ్డాడు. మూడో ఆదివారం లోపలికి వచ్చి, వెనక వరసలో నేల మీద కూర్చున్నాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. తనే చెప్పాడు. ఆ జపాలు చీకట్లో సగం సగం విన్నాను, వెలుతురులో మొత్తం వినాలని ఉంది అన్నాడు. తరవాత అతని పెళ్ళాం వచ్చింది. ఆ రోజు గోడ జారితే పైకి వచ్చిపడ్డ నలుగురు వచ్చారు. ఇన్నాసమ్మ కుండ వంచి నీళ్ళు పోసిన ఇంటి బాలింత పిల్లను ఎత్తుకుని వచ్చింది.

గురవయ్య రాలేదు. తన దేవుళ్ళు తనకున్నారన్నాడు. కానీ ఆయన బతికినన్నాళ్ళు ఆ ఊళ్ళో ఆదివారం ఎవరిచేతా పని చేయించలేదు. పండుగనాడు గుడి కప్పుకు కొత్త తాటాకు ఆయన బండ్ల మీదే వచ్చేది.

వానలు వెలిశాక పొట్టి గుర్రమెక్కి గురువుగారు వచ్చారు. ఏడిళ్ళవాళ్ళ కోసం వచ్చినాయన గుడి ముందు జనాన్ని చూసి గుర్రం ఆపేశారు. లోపల చోటు చాలక బయట చాపలు పరిచారు. ఏ ఉపదేశి వచ్చి వీళ్ళకు బోధించాడని అడిగారు. ఎవరూ రాలేదన్నారు. మరి ఎవరు చెప్పారంటే, అందరూ ఒకే వైపు చూపించారు. గోడ పక్కన కాలు చాచుకుని కూర్చున్న ఇన్నాసమ్మ సిగ్గుతో కొంగు ముందుకు లాక్కుంది.

"నాకేం రాదు స్వామీ. మీరు నేర్పిన మూడు జపాలే" అంది.

గురువుగారు ఆమె దగ్గరికి వచ్చారు.

"ఆ మూడూ నేను రోజూ చెబుతాను తల్లీ. ఇంత లోతుకు దిగి ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు.

ఆ రోజు చలమయ్య జ్ఞానస్నానం పొందాడు. ఏ పేరు పెట్టాలని గురువుగారు అడిగితే, రాయప్ప అన్నాడు. ఇన్నాసమ్మ అప్పుడు ఏడ్చింది. బావిలో కాలు విరిగినా ఏడవని మనిషి.

ఆమె పెద్ద వయసు దాకా బతికింది. పవిత్ర శనివారం పొద్దున పోయింది. ప్రభువు సమాధిలో ఉన్న రోజు, పాతాళానికి దిగిన రోజు. పాడె మోయడానికి పేటవాళ్ళు ముందుకొస్తే ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. ఊరివాళ్ళు ముందుకొస్తే చుట్టుపక్కల బావులు తవ్వేవాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి మూడు గుంపులూ వంతులవారీగా మోశారు. ఆమె సమాధిని బావులు తవ్వేవాళ్ళే తవ్వారు. ఆ నేలలో అంత నిలువుగా, అంత నునుపుగా కోసిన గోడలు ఇంకెక్కడా లేవంటారు.

ఇప్పుడు కంచరమెట్టలో ఇంటింటికీ కొళాయి వచ్చింది. అయినా ప్రతి ఏడూ పవిత్ర శనివారం పొద్దున పెద్దబావిలో పూడిక తీస్తారు. ఊళ్ళో, పేటలో, గుడికి వచ్చే ఇల్లయినా రాని ఇల్లయినా, ప్రతి ఇంటి నుంచి ఒక చెయ్యి రావాలి. కొత్త మోకు తెస్తారు. ముందు గురువుగారు నీళ్ళు చల్లి మోకును దీవిస్తారు. తరవాత ఉన్నవాళ్ళలో పెద్ద వయసు ఆడమనిషి గట్టు మీద నిలబడి, అందరూ పట్టారా అని అడుగుతుంది. పట్టాం అంటారు. ఎవరైనా దూరంగా నిలబడి ఉన్నారేమో అని చుట్టూ చూసి, ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, రెండోసారి అడుగుతుంది. పట్టాం అంటారు. మూడోసారి అడుగుతుంది. ఈసారి పిల్లలతో సహా అందరూ గట్టిగా పట్టాం అంటారు. అప్పుడే మోకు కదులుతుంది.

ఇదీ మా ఇన్నాసమ్మ కథ. చెప్పినవాళ్ళకు చల్లని నీడ, విన్నవాళ్ళకు చల్లని నీళ్ళు.